చెయ్యి తిరిగినవాళ్లే పాడుచేసే వంట

టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో మేం నలుగురం కలిసి ఉన్న అపార్ట్‌మెంట్‌లో వంట నాది. ఎవరూ అప్పగించలేదు, మిగతా ముగ్గురికంటే బాగా వచ్చు కాబట్టి నాదైపోయింది. శనివారం పొద్దున హలాల్ షాపుకెళ్లి ఎముకతో కొట్టించిన మేక మాంసం తెచ్చేవాణ్ణి. మధ్యాహ్నం కుక్కర్ మూత తీసే సమయానికే పక్క బ్లాకు తెలుగు కుర్రాళ్లకి మా ఇంట్లో ఏదో పని గుర్తొచ్చేది. "ఊరికే ఇటొచ్చాం" అనేవాళ్లు. కళ్లు మాత్రం పొయ్యి మీదే ఉండేవి. పొగడ్తలకి నేనూ బాగానే అలవాటు పడ్డాను. ఉప్పు చూడకుండా వేస్తానని, మసాలా వేగిందో లేదో పక్క గదిలోంచి వాసన బట్టి చెబుతానని నాకు నేనే చెప్పుకునే స్థాయికి వచ్చాను.

ఆ రోజుల్లోనే ఇంటర్న్‌షిప్ మొదటి జీతం అందింది. టెక్సస్‌లో ఉంటూ స్టేక్ వండకపోతే ఎలా అనిపించి రెండు బీఫ్ రిబ్ ఐ ముక్కలు కొన్నాను. ఒక్కోటీ అంగుళంన్నర మందం, ఎర్రటి కండలో సన్నటి తెల్లని కొవ్వు చారలు. రెండిటికీ కలిపి నలభై డాలర్ల దాకా అయింది. అప్పట్లో అది నా వారం సరుకుల ఖర్చు.

తెచ్చాక ఏం చేశానో వరసగా చెబుతాను. వంట వచ్చినవాళ్లకి ఇందులో తప్పెక్కడుందో కనబడుతుందేమో చూడండి. కుళాయి కింద రెండుసార్లు శుభ్రంగా కడిగాను. పసుపు, ఉప్పు, కారం, అల్లంవెల్లుల్లి ముద్ద, రెండు గరిటెల పెరుగు పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాను. మర్నాడు నాన్‌స్టిక్ పెనంలో నూనె పోసి, మధ్యస్థంగా మంట పెట్టి, రెండు ముక్కల్నీ పక్కపక్కన ఇరికించాను. రెండు నిమిషాల్లో నీరూరింది. నీరూరితే మూత పెట్టి మగ్గనివ్వాలి కదా, పెట్టాను. కాసేపయ్యాక గరిటెతో అదిమి చూస్తే గట్టిగా తగిలింది. గట్టిగా ఉందంటే ఇంకా ఉడకలేదన్నమాట. మళ్లీ మూత పెట్టాను. అలా ఇరవై అయిదు నిమిషాలు గడిచాయి. చూసిన ప్రతిసారీ ముక్క ముందుకంటే గట్టిగానే ఉంది.

అమ్మకి ఫోన్ చేశాను. "ముదురు మాంసం అంటగట్టుంటాడు నాన్నా. కుక్కర్లో వేసి ఇంకో నాలుగు విజిల్స్ రానీ" అంది. ఏం మాంసమని ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు.

కుక్కర్ దాకా వెళ్లకుండా అలాగే తిన్నాం. బూడిద రంగులో, అంచులు మాత్రం మాడి, లోపల పీచులు పీచులుగా ఉంది. నలుగురం నోరెత్తలేదు. నమలడానికే సరిపోయింది.

మా వాళ్లలో ఒకడిది వరంగల్. అమెరికా వచ్చేదాకా టీ కూడా పెట్టుకుని ఎరగడు. వచ్చాక కూడా వాడి వాటా గిన్నెలు కడగడమే. మరుసటి వారం వాడో స్టేక్ ముక్క పట్టుకొచ్చి, ఫోన్‌లో తయారీ విధానం తెరిచి ఎదురుగా నిలబెట్టుకుని, పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం చదివినట్టు మొదట్నుంచి చివరిదాకా చదివాడు. ముక్కని కడగలేదు. పేపర్ టవల్‌తో అద్దాడు. అది తడిస్తే ఇంకోటి తీసి మళ్లీ అద్దాడు. రెండు వైపులా ఉప్పు చల్లి, జాలీ స్టాండు మీద పెట్టి, వెళ్లి గంటసేపు క్రికెట్ చూసుకున్నాడు. తర్వాత అటక వెతికి, మా అమ్మ నా సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి పంపిన ఇనప దోసె పెనం బయటికి తీశాడు.

నేను వంటింటి గుమ్మంలో నిలబడి సలహాలు విసురుతూనే ఉన్నాను. "అల్లంవెల్లుల్లి వెయ్యవేంట్రా?" "కనీసం మూతన్నా పెట్టు." వాడు నా వైపు తిరక్కుండానే ఫోన్ చూపించి, "ఇందుల లేదు మామా" అన్నాడు. అంతే, వెయ్యలేదు, పెట్టలేదు.

పదినిమిషాల్లోపే పెనం మీదనుంచి తీసేశాడు. పైన ముదురు గోధుమరంగు పెచ్చు, కోస్తే లోపల అంచునుంచి అంచుదాకా గులాబీ రంగు. కత్తి దిగుతున్నట్టే తెలీలేదు. ఈసారి కూడా ఎవరూ మాట్లాడలేదు, కారణం వేరు. ఉండబట్టలేక నేనే అడిగాను: "ఇన్నేళ్ల బట్టి వండుతున్నవాణ్ణి, నాకు రానిది నీకెలా వచ్చిందిరా?"

"నీకు వంటొస్తది గదా మామా, అందుకే ఖరాబైంది."

వాడు వెటకారంగా అనలేదు. ఏదో మామూలు విషయం చెప్పినట్టు చెప్పి గిన్నెలు కడగడానికి వెళ్లిపోయాడు. వ్యక్తిత్వ వికాసం మీద పుస్తకాలు చాలానే చదివాను, కొన్నిటికి డబ్బు కూడా దండగ చేశాను. ఈ ఒక్క వాక్యం వాటిలో ఎక్కడా దొరకలేదు. అవన్నీ రానిది నేర్చుకోమని చెబుతాయి. బాగా వచ్చిందే కొత్త పనిలో కాళ్లకి అడ్డం పడుతుందని వాడు చెప్పాడు.

ఒకే పొయ్యి, రెండు శాస్త్రాలు

అసలు నేనెక్కడ బోల్తా పడ్డానో తర్వాత తెలుసుకున్నాను. మేక మెడ, భుజం, కాళ్లు అది బతికినన్నాళ్లూ పనిచేసిన కండలు. వాటిలో కొల్లాజెన్ అనే గట్టి పదార్థం పీచుల మధ్య వల అల్లినట్టు ఉంటుంది. 70 డిగ్రీల సెల్సియస్ దాటిన తడి వేడిలో గంటలకొద్దీ ఉంచితే అది మెల్లగా కరిగి జెలటిన్ అవుతుంది. మన కూర పులుసుకి చిక్కదనం, ముక్కకి మెత్తదనం దానివల్లే. ప్రెషర్ కుక్కర్లో వేడి సుమారు 120 డిగ్రీలదాకా వెళుతుంది కాబట్టి గంటల పని నిమిషాల్లో అవుతుంది. అంటే నా మటన్ కూర విద్య అంతా నీళ్లు, మూత, ఓపిక. ఆ మాంసానికి అది నూటికి నూరుపాళ్లు సరైన విద్య.

రిబ్ ఐ వెన్నెముక పక్కనుండే కండ. పశువు నడిచినా పరిగెత్తినా దానికి పెద్ద శ్రమ ఉండదు. కరిగించాల్సిన కొల్లాజెన్ అందులో తక్కువ, మెత్తదనం పుట్టుకతోనే ఉంది. దాన్ని మనం తీసుకురానక్కర్లేదు, చెడగొట్టకుండా ఉంటే చాలు. లోపలి వేడి 60 డిగ్రీలు దాటిన కొద్దీ కండ పీచులు ముడుచుకుని, తడిబట్ట పిండినట్టు తమలోని నీటిని బయటికి తోసేస్తాయి. కూర మాంసాన్ని ఎంతసేపు ఉంచితే అంత మెత్తన, స్టేక్‌ని ఎంతసేపు ఉంచితే అంత చెప్పుతోలు. గరిటెకి గట్టిగా తగిలినప్పుడల్లా "ఇంకా ఉడకలేదు" అనుకున్నాను చూడండి, అప్పటికే అది ఎప్పుడో ఉడికిపోయింది. ఒక పనిలో సరైన సంకేతం ఇంకో పనిలో తిరగబడి కనిపించింది. నా అనుభవం దాన్ని పాత అర్థంతోనే చదివింది.

బీఫ్ తిననివాళ్లు పేజీ తిప్పేయకండి. ల్యాంబ్ లాయిన్ చాప్స్‌కీ ఇదే సూత్రం. ఒక అంగుళం మందాన అడ్డంగా కోయించిన వంజరం ముక్కకీ ఆరబెట్టడం, పెనం బాగా వేడెక్కనివ్వడం, తొందరగా దించడం అన్నీ వర్తిస్తాయి. చేపని అలా అడ్డంగా కోసిన ముక్కని కూడా స్టేక్ అనే అంటారు.

మూడు కుండల లెక్క

మా వరంగల్‌వాడు చెప్పిన మాటని 1942లోనే ఒక మనస్తత్వ శాస్త్రవేత్త ప్రయోగం చేసి నిరూపించాడు. పేరు అబ్రహాం లూచిన్స్. ఆయన ఇచ్చిన లెక్కలు చాలా చిన్నవి, మీరూ చేసి చూడొచ్చు. మూడు కుండలున్నాయి, వాటిలో 21, 127, 3 కొలతల నీళ్లు పడతాయి. సరిగ్గా 100 కొలతలు కావాలి. ఎలా? పెద్ద కుండ నింపి, అందులోంచి 21 ఒకసారి, 3 రెండుసార్లు తీసేస్తే 100 మిగులుతుంది. ఇదే పద్ధతిలో తేలే లెక్కలు ఇంకొన్ని వరసగా ఇచ్చాడు. జనానికి సూత్రం దొరికింది. చకచకా చేసేశారు.

అప్పుడు ఇంకో లెక్క ఇచ్చాడు. కుండలు 23, 49, 3. కావాల్సింది 20. సూత్రం అలవాటైనవాళ్లలో ఎక్కువమంది 49లోంచి 23 తీసి, రెండుసార్లు 3 తీసి 20 తెప్పించారు. తప్పేం లేదు, జవాబు వచ్చింది. కానీ 23లోంచి 3 తీస్తే 20 కాదూ? అంతకుముందు ఏ లెక్కా చెయ్యకుండా నేరుగా దీనికే వచ్చినవాళ్లు ఆ దగ్గరిదారిని చటుక్కున చూశారు. సాధన చేసినవాళ్ల కళ్లకి అది ఆనలేదు. ఆ తర్వాత ఇచ్చిన ఒక లెక్క పాత సూత్రంతో అసలు తేలదు, సులువు దారిలో వెంటనే తేలుతుంది. అక్కడ చాలామంది చేతులెత్తేశారు.

నాకు అన్నిటికంటే నచ్చింది తర్వాతి ముచ్చట. కొంతమంది చేత మధ్యలో ఆపించి, "కళ్లు మూసుకుపోనివ్వకు" అని వాళ్ల కాగితం మీదే రాయించాడు. అంత చిన్న హెచ్చరికకే వాళ్లలో ఎక్కువమంది సులువు దారి పట్టుకున్నారు. అంటే ఇది తెలివితక్కువతనం కాదు. చేతికి అలవాటైన పని బుర్రకంటే ముందు పరిగెత్తడం. దాన్ని ఆపడానికి తపస్సేం అక్కర్లేదు, ఒక్క క్షణం నిలబడితే చాలు.

అందుకే కొత్త పని మొదలుపెట్టేవాళ్లకి నేను ఇచ్చే సలహా చాలా చప్పగా ఉంటుంది. మొదటిసారి చెప్పింది చెప్పినట్టు చెయ్యండి. ఒక్క అక్షరం మార్చకండి. మీ సొంత తెలివి రెండోసారికి దాచుకోండి. ఇది వినడానికి సులభమే, చెయ్యడానికి చెయ్యి తిరిగినవాడికి ప్రాణం మీదికొస్తుంది. అల్లంవెల్లుల్లి లేకుండా మాంసం పొయ్యి మీద పెట్టడానికి నాకు ఎంత కష్టమైందో నాకే తెలుసు.

దోసె పెనం ఎందుకు పనికొచ్చింది

ఇంతవరకూ చదివి పాత అనుభవం అంతా గోదాట్లో కలిపెయ్యాలని అనుకుంటే పొరపాటు. ఆ రోజు స్టేక్‌ని నిలబెట్టింది మా అమ్మ పంపిన పెనమే. దోసె పొయ్యడం వచ్చిన ఏ ఇల్లాలికైనా స్టేక్ విద్యలో సగం వచ్చినట్టే. పెనం బాగా కాలకముందు పిండి వేస్తే అతుక్కుపోతుందని ఆమెకు తెలుసు. సగం కోసిన ఉల్లిపాయని నూనెలో ముంచి రుద్దడం తెలుసు. కొత్త ఇనప పెనం మొదటి పదిరోజులు మొండికేస్తుందని, వాడగా వాడగా నల్లగా నిగనిగలాడుతూ దారికొస్తుందని తెలుసు. నీళ్లు చిలకరించి ఆ చప్పుడుని బట్టి వేడి చెప్పడం కూడా తెలుసు.

ఆ నీటిచుక్క పరీక్షలో మాత్రం ఒక మెట్టు పైకెక్కాలి. దోసెకైతే చుయ్యిమని ఆవిరైతే చాలు. స్టేక్‌కి చుక్క ఆవిరవకుండా పాదరసపు గుండులా పెనమంతా పరిగెత్తాలి. లోహం సుమారు 200 డిగ్రీలకి చేరితే చుక్క అడుగున ఆవిరి పొర ఏర్పడి దాన్ని పైకెత్తి పట్టుకుంటుంది. 1756లో దీన్ని వివరించి రాసిన జర్మన్ వైద్యుడు లైడెన్‌ఫ్రాస్ట్ పేరే దానికి పెట్టారు. ఇనుము వేడెక్కడానికి టైము తీసుకుంటుంది, అయిదారు నిమిషాలు ఆగాలి. కానీ ఒకసారి ఎక్కిన వేడిని పట్టుకుని కూర్చుంటుంది, చల్లటి ముక్క పెట్టగానే నీరుగారిపోదు. నాన్‌స్టిక్ పెనాన్ని ఖాళీగా ఇలా కాలనివ్వకూడదు, మరీ వేడెక్కితే పైపూత పాడైపోతుంది.

మన వైపు ఇలాంటి వంట బొత్తిగా లేదని కూడా కాదు. హైదరాబాద్‌లో పత్థర్ కా గోష్త్ ఉంది. పలచగా కొట్టిన మటన్‌ని నిప్పుల మీద కాలిన నల్లరాతి పలక మీద వేసి కాలుస్తారు. మూత ఉండదు, పులుసు ఉండదు. అది తింటూ పెరిగినవాడికి స్టేక్ గురించి నేను ఇంత ఉపన్యాసం చెప్పక్కర్లేదు.

కాబట్టి ప్రశ్న "అనుభవం కావాలా వద్దా" అని కాదు. ఏది సూట్‌కేసులో వేసుకెళ్లాలి, ఏది ఇంట్లో వదిలి వెళ్లాలి అన్నదే అసలు లెక్క. ఆఫీసులో నేను ఈ లెక్కే తప్పాను. మూడేళ్ల కిందట నన్ను టీమ్ లీడ్ చేశారు. అంతకుముందు పదేళ్లు కోడ్ రాసినవాణ్ణి, బాగా రాస్తాడని పేరున్నవాణ్ణి. టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి రాసిన కోడ్ చూశాను. పనిచేస్తోంది, కాస్త వంకరగా ఉంది. రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని మొత్తం నేనే తిరగరాసి పంపించాను. సాయం చేశాననే అనుకున్నాను. రెండో వారం కూడా అదే చేశాను. మూడో వారానికి ఆ అమ్మాయి సందేహాలు అడగడం మానేసింది. సగం రాసి వదిలేస్తోంది, మిగతాది ఎలాగూ నేను రాస్తానని. నేనేమో "ఈ కాలం పిల్లలకి శ్రద్ధ లేదు" అని ఇంట్లో సణుగుతున్నాను. గరిటెతో అదమడం, గట్టిగా ఉందని మళ్లీ మూత పెట్టడం. అదే తప్పు, పొయ్యి మారిందంతే.

తప్పులు వాసన పట్టే ముక్కు నాకు కోడ్ రాసిన రోజుల్లోంచి వచ్చింది. అది దోసె పెనం లాంటిది, లీడ్‌కీ కావాలి. కీబోర్డు లాక్కునే చెయ్యి కుక్కర్ మూత లాంటిది. దాన్ని పాత కుర్చీలోనే వదిలి రావాల్సింది. ఇది తెలుసుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

ఇక పొయ్యి దగ్గరికి

అంగుళంన్నర మందం ఉన్న ముక్క తీసుకోండి. పలచనిదైతే పైన రంగు తిరిగేలోపే లోపల ఉడికిపోతుంది. అమెరికాలో మాంసానికి ప్రైమ్, ఛాయిస్, సెలెక్ట్ అని గ్రేడులుంటాయి, కొవ్వు చారలు ఎక్కువున్నకొద్దీ గ్రేడు పెరుగుతుంది. మొదటిసారికి ఛాయిస్ చాలు. ప్యాకెట్‌లో ఎర్రటి నీరు చూసి రక్తమని జడుసుకోకండి. అది నీటిలో కలిసిన మయోగ్లోబిన్ అనే కండ ప్రోటీను రంగు. కడగకండి. కడిగితే క్రిములు పోవు, సింకంతా చిందుతాయి. వాటి సంగతి పెనం చూసుకుంటుంది.

ఉప్పు దగ్గర ఒక మెలిక ఉంది. ఉప్పు పడగానే మాంసంలోని నీరు పైకి ఊరుతుంది. పది పదిహేను నిమిషాలకి ముక్క పైన ఉప్పునీరు నిలుస్తుంది. పెనం మీద పెట్టడానికి అదే అన్నిటికంటే చెడ్డ సమయం, మనలో చాలామంది పెట్టేదీ అప్పుడే. ఇంకా ఆగితే ఆ ఉప్పునీరు మెల్లగా తిరిగి లోపలికి ఇంకుతుంది. జె. కెంజి లోపెజ్-ఆల్ట్ అనే అమెరికన్ వంట రచయిత వేర్వేరు సమయాల్లో ఉప్పు పట్టించిన ముక్కల్ని పక్కపక్కన వండి చూసి చెప్పింది ఇదే: కనీసం 40 నిమిషాల ముందు ఉప్పు వెయ్యండి, లేదంటే సరిగ్గా పెనం మీద పెట్టేముందు వెయ్యండి. మధ్యలో వద్దు. రాత్రే వేసి మూత లేకుండా ఫ్రిజ్‌లో ఉంచితే ఇంకా మేలు, పైభాగం ఎండుతుంది.

ఎండడం మీద ఎందుకింత పట్టుదల అంటారా? ఒక గ్రాము నీటిని 0 నుంచి 100 డిగ్రీలకి తేవడానికి 100 కెలోరీలు చాలు. అదే గ్రాము నీరు ఆవిరైపోవడానికి మరో 540 కెలోరీలు మింగుతుంది. తడి ఉన్నంతసేపూ పెనం కష్టపడేది నీళ్ల కోసమే, మాంసం కోసం కాదు. ముక్క పైభాగం 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. స్టేక్‌కి ఆ రంగూ ఆ వాసనా ఇచ్చే మార్పు చురుగ్గా సాగాలంటే 140 డిగ్రీలు దాటాలి. 1912లో దాన్ని వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మైలార్డ్ పేరుతోనే పిలుస్తారు. నా పెరుగు, నా కడుగుడు, నా మూత మూడూ కలిసి ఆ 140ని దగ్గరికి రానివ్వలేదు.

నూనె రిఫైన్డ్ వేరుశెనగదైతే ఎక్కువ వేడికి తట్టుకుంటుంది. ముక్క పెట్టగానే చప్పుడు గట్టిగా రావాలి. ఒక్కసారే తిప్పాలని పెద్దలు చెబుతారు, నమ్మకండి. నిమిషానికోసారి తిప్పితే రెండు వైపులా సమంగా, త్వరగా ఉడుకుతుంది. "మొదట బాగా కాలిస్తే రసం లోపల బందీ అయిపోతుంది" అన్న మాట కూడా అలాంటిదే. 19వ శతాబ్దపు జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ చెప్పాడు కాబట్టి వందేళ్లకి పైగా పెద్దపెద్ద వంటవాళ్లు దాన్ని వల్లె వేశారు. వంట వెనకున్న సైన్సు గురించి రాసే హెరాల్డ్ మెక్‌గీ 1984లో వేసిన పుస్తకంలో అది ఎందుకు తప్పో తేల్చాడు. కాల్చిన ముక్క పెనం మీద చుయ్యిమంటూనే ఉంటుంది కదా, ఆ చప్పుడే రసం బయటికొస్తోందనడానికి సాక్ష్యం. వందేళ్లు అందరి చెవిలో పడింది, విన్నవాళ్లు తక్కువ. కాల్చేది రుచి కోసం.

చివరి రెండు నిమిషాల్లో మంట తగ్గించి వెన్న, చితక్కొట్టిన వెల్లుల్లి రెబ్బలు వేసి, కరిగిన వెన్నని చెంచాతో ముక్క మీద పోస్తూ ఉండాలి. మొదట్లోనే వేస్తే వెన్న మాడిపోతుంది. అంచు లేని దోసె పెనం ఇక్కడ చేతులెత్తేస్తుంది, వెన్నంతా పొయ్యిలోకి పోతుంది. అందుకే తర్వాత నేను అంచున్న పోత ఇనుము పెనం కొన్నాను.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన పని, థర్మామీటర్ గుచ్చడం. చేతికి కాదు, అహానికి కష్టం. మన వంటిళ్లలో కొలత అంటే చిన్నచూపు. చూసి వెయ్యడం వచ్చినవాళ్లే వంటగాళ్లు, చెంచాలతో కొలిచేవాళ్లు నేర్చుకునేవాళ్లు. కానీ మూత తీసి ముక్క నొక్కి చూడగలిగే కూర కాదిది. లోపలేం జరుగుతోందో పైనుంచి కనబడదు, 55కీ 65కీ మధ్య తేడా రెండు మూడు నిమిషాలే. పది ఇరవై డాలర్ల పరికరం ఆ సంగతి రెండు సెకన్లలో చెబుతుంది. నాకు అది కొనడానికి ఏడాది పట్టింది. డబ్బు లేక కాదు, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని. తెలియదని ఒప్పుకుని అడిగేవాడు నేర్చుకుంటాడని సభల్లో చెబుతాం గానీ, ఇంట్లో సూది గుచ్చి చూడటానికి సిగ్గుపడతాం.

ముక్క పక్కనుంచి మధ్యలోకి గుచ్చండి. లోపల గులాబీ రంగు ఇష్టపడేవాళ్లు 52 దగ్గర దించేస్తారు. దించాక కూడా లోపలి వేడి మూడు నాలుగు డిగ్రీలు పెరుగుతుంది. అమెరికా వ్యవసాయ శాఖ భద్రత కోసం చెప్పే అంకె 63, ఆపైన 3 నిమిషాలు ఆగాలి. ఇంట్లో గర్భిణులు, పెద్దవాళ్లు, చిన్నపిల్లలు తినేటట్టయితే నా రుచి పక్కన పెట్టి ఆ అంకె పాటించండి. సూదులతో పొడిచి మెత్తబరిచినట్టు లేబుల్ ఉన్న ముక్కకీ అదే, ఎందుకంటే పైనున్న క్రిములు లోపలికి వెళ్లి ఉంటాయి. కీమా అయితే 71 దాకా వెళ్లాల్సిందే.

దించాక అయిదారు నిమిషాలు ముట్టుకోకండి. తర్వాత పీచు ఏ వైపు నడుస్తోందో చూసి దానికి అడ్డంగా కొయ్యండి.

మొదటిసారి మీకూ కొంత మాడుతుంది, పొగ మాత్రం తప్పకుండా వస్తుంది. వంటింటి కిటికీ ముందే తెరిచిపెట్టండి. అమెరికా అపార్ట్‌మెంట్ అయితే పొగ అలారం కింద టవల్ ఊపడానికి ఒక మనిషిని నిలబెట్టండి. ఇంట్లో బాగా వంట వచ్చినవాళ్లెవరో వాళ్లకే ఆ పని అప్పగించండి. పొయ్యి దగ్గరికి రాకుండా ఉంటారు.